తొమ్మిదో గడి

గుంటూరు జిల్లా దావులపాడులో పదకొండు యూదుల ఇళ్లున్నాయి. శుక్రవారం పొద్దుగుంకిన దగ్గర నుంచి శనివారం చుక్కలు పొడిచేదాకా వాళ్లు పనిలోకి రారనీ, బండెక్కరనీ, పొయ్యి రాజెయ్యరనీ చుట్టుపక్కల మేస్త్రీలందరికీ తెలుసు. మిగిలిన విషయాల్లో, మిరపకాయ బజ్జీల దగ్గర నుంచి కుళాయి కాడ తగాదాల దాకా, వాళ్లూ అందరిలాంటి వాళ్లేనని కూడా తెలుసు. తెలియనిదల్లా ప్రభుత్వానికే. ఒక శుక్రవారం నాడు దానికీ తెలిసింది.

కెజియా ఆ పదకొండిళ్లలో ఒక ఇంటి కోడలు. ఇళ్లు కట్టేచోట ఇటుకలు అందిస్తుంది. కింద నుంచి ఒకరు విసిరితే పరంజా మీద నిలబడి రెండు చేతులా పట్టుకుని, పైనున్న మనిషికి విసరాలి. సెలవుల్లో కూతురు యాయేలు కూడా తల్లి వెంట వెళ్లి పై వరసలో నిలబడేది. ఒకరోజు ఆ దారిన పోతున్న హైస్కూలు డ్రిల్లు మేడమ్ స్కూటరాపి చాలాసేపు చూసింది.

"నీ కూతురు ఎప్పుడైనా ఇటుక జారవిడుస్తుందా?" అని అడిగింది.

"జారవిడిస్తే కింద నా తల పగులుద్ది కదండీ," అంది కెజియా.

ఆ వారమే యాయేలు బడి ఫుట్‌బాల్ జట్టుకు గోల్‌కీపరైంది. ఐదేళ్లు తిరిగేసరికి కడపలో క్రీడల హాస్టల్లో ఉంటూ గుంటూరు జిల్లా అమ్మాయిల జట్టుకు గోలు కాస్తోంది. ఈ ఐదేళ్లలో కెజియా కూతురి ఆట ఒక్కటి కూడా చూడలేదు. ఆటలన్నీ శనివారమే పడేవి. శనివారం కాకపోతే ఆ రోజు ఎక్కడో ఒకచోట స్లాబు పడేది. పిల్ల ఫోన్లో "గెలిచామమ్మా" అంటే "మంచిదమ్మా" అనడం, "ఓడిపోయాం" అంటే "అన్నం తిన్నావా" అనడం తప్ప ఆమె చేయగలిగిందేమీ లేకపోయింది.

అలాంటిది, రాష్ట్ర ఫైనలు కర్నూలులో శుక్రవారం సాయంత్రం నాలుగింటికి పెట్టారు. ఆరు లోపలే అయిపోతుంది. స్టేడియం పక్కనే సత్రం. శనివారమంతా అక్కడే ఉండి, చుక్కలు పొడిచాక బయల్దేరి రావచ్చు. కెజియా మరిది హనన్యాకు తుఫాను బండి ఉంది, మిరప కోతలకు కూలీలను తోలుతుంటాడు. మొగుడు ఓబద్యా తాపీమేస్త్రీ, రెండు రోజులు పని మానుకున్నాడు. అత్త సిప్పోరమ్మకు డెబ్బై నాలుగేళ్లు. శనివారం ఏది చేయొచ్చు, ఏది చేయకూడదు అన్న విషయంలో ఆ పదకొండిళ్లకూ ఆమె మాటే తీర్పు. ఆమె కూడా వస్తానంది.

ఉచిత పాసు కోసం ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాలన్నారు. నెట్ సెంటరు అతను పేర్లన్నీ కొట్టి, మతం అన్న చోటికి వచ్చి ఆగాడు.

"ఎప్పుడూ మీకు 'ఇతరులు' అని నొక్కేవాణ్ణి గదక్కా. ఇందులో మీది కూడా ఉంది. తొమ్మిదోది."

కెజియా ముందుకు వంగి చూసింది. నిజంగానే ఉంది. పెళ్లిపత్రికలో తన పేరు అచ్చయినంత సంతోషమేసింది.

"అదే నొక్కు తమ్ముడూ," అంది.

ఆ నొక్కుడు ఎక్కడ పోయి తగిలిందో చెప్పాలంటే ఒక సంస్థ గురించి చెప్పాలి. దాని పేరు క్రీడా వీక్షణ ప్రోత్సాహక సంస్థ. ఫుట్‌బాల్ చూడ్డానికి జనం రావడం లేదన్న బాధతో పుట్టింది. జనాన్ని ఎలా రప్పించాలో తెలుసుకోవడానికి దాని పెద్దలు కొన్ని దేశాలు తిరిగి వచ్చారు. వచ్చాక, జనం తక్కువ కావడం అసలు సమస్య కాదనీ, వచ్చిన జనంలో వైవిధ్యం తక్కువ కావడమే సమస్య అనీ తేల్చారు. వెంటనే ఉత్తర్వు వెలువడింది. "వీక్షక సముదాయము దేశ సమగ్ర స్వరూపమునకు దర్పణము పట్టవలెను. ప్రతి క్రీడ ఆరంభమునకు ముందు తొమ్మిది గడుల రిజిస్టరునందు తొమ్మిది మతములకు చెందిన కుటుంబములు హాజరు సంతకము చేయవలెను. దరఖాస్తు వచ్చిన గడి పూరింపబడనిదే క్రీడ ఆరంభింపరాదు." ఆ ఉత్తర్వు అమల్లోకి వచ్చాక జరగబోయే మొదటి ఆట కర్నూలు ఫైనలే.

గురువారం పొద్దున్నే కెజియా ఇంటి ముందు ఒక జీపు ఆగింది. అందులోంచి ఫైలు గుండెకు హత్తుకుని ఒక పెద్దమనిషి దిగాడు. వీక్షక సమన్వయాధికారి, పేరు చిదానందం.

"ఈ గృహమున యూదు మతస్థులు గలరా?"

"ఉన్నామండీ. మా ఆవిడ బట్టలారేస్తోంది, నేను ఖాళీగానే ఉన్నాను," అన్నాడు ఓబద్యా.

చిదానందం కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఎనిమిది గడులు నింపేసరికి ఆయన తల ప్రాణం తోకకొచ్చింది. జైనులు బట్టల బజారులో దొరికారు, సిక్కులు హైవే మీద ధాబాలో దొరికారు. పార్సీ కోసం గుంతకల్లు దాకా వెళ్లి, రిటైరైన ఎనభై ఏళ్ల రైల్వే ఇంజినీరును, మధ్యాహ్నం నిద్రకు భంగం రానివ్వమని రాసిచ్చి ఒప్పించాడు. తొమ్మిదో గడి మాత్రం కంప్యూటర్లో ఎర్రగా వెలుగుతూ కూర్చుంది.

"తమరొక్కరే మిగిలారు. తమను సగౌరవంగా కొనిపోవుటకు వచ్చితిని," అన్నాడు.

కెజియా తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. "మేం ఎలాగూ వస్తున్నాం కదండీ. మా మరిది బండి ఉంది."

"రావడం వేరమ్మా, తీసుకురాబడటం వేరు. తమంతట తాము వస్తే అది ప్రయాణం. మేము తీసుకొస్తే అది పథకం."



శుక్రవారం ఆరింటికి బయల్దేరారు. ముందు చిదానందం జీపు, వెనక హనన్యా తుఫాను, దాని వెనక ఒక అంబులెన్సు. అంబులెన్సు ఎందుకని ఓబద్యా అడిగితే, "తొమ్మిదో గడికి తమరు తప్ప వేరే నిల్వ లేదు," అని జవాబు వచ్చింది.

నరసరావుపేట పొలిమేరలో మేళతాళాలు వినిపించాయి. షామియానా, మైకు, నలుగురికీ నాలుగు కుర్చీలు. తలా ఒక శాలువా కప్పి, గుత్తి చేతికిచ్చి, భిన్నత్వంలో ఏకత్వం గురించి ఇరవై నిమిషాలు మాట్లాడారు. ఓబద్యా వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చున్నాడు. పెళ్లిలో కూడా అతనికి ఎవరూ శాలువా కప్పలేదు. కెజియాకూ బాగానే ఉంది. ఆటకు పోతున్నాం కదా, సందడిగా పోతే తప్పేముందనుకుంది.

వినుకొండలో మళ్లీ షామియానా కనిపించాక చిదానందాన్ని అడిగింది.

"ఇట్టాంటివి ఇంకా ఎన్నున్నాయండీ?"

"ప్రతి మండల సరిహద్దునందును సముచిత స్వాగతం లభించవలెనని ఆదేశం. దారిలో పదకొండు మండలాలు."

కెజియా వేళ్ల మీద లెక్క వేసుకుంది. ఆ లెక్క నచ్చక మళ్లీ వేసుకుంది.

త్రిపురాంతకం దాటాక ఒక ఊళ్లో బడిపిల్లలు వరసగా నిలబడి సెల్యూట్ చేశారు. కెజియాకు అర్థం కాలేదు. తలెత్తి చూస్తే రోడ్డుకు అడ్డంగా బ్యానరు. "యుద్ధ కుటుంబానికి ఘన స్వాగతం." అచ్చువేసిన వాడెవడో యూదు అన్న మాట చూసి, అక్షరాలు పొరపాటున పడ్డాయనుకుని దయతలచి సరిదిద్దాడు. అక్కడి అధికారి వేదిక ఎక్కి, వీరమరణం పొందిన వారి కోసం రెండు నిమిషాలు మౌనం పాటించమన్నాడు. అందరితోపాటు వీళ్లూ లేచి నిలబడ్డారు. పోయింది ఎవరో తెలియకపోయినా, మౌనంగా నిలబడటం మర్యాద కదా.

మౌనం అయ్యాక అధికారి సిప్పోరమ్మ ముందు వంగి, "ఏ యుద్ధంలో పాల్గొందమ్మా తమ కుటుంబం?" అని అడిగాడు.

"శానా చేశాం నాయనా," అంది సిప్పోరమ్మ. "మొన్న కుళాయి కాడ చేసింది పెద్దది."

కెజియా చిదానందం దగ్గరికి వెళ్లి బ్యానరు తప్పని చెప్పింది. ఆయన అప్పటికే చూశాడు. కానీ బ్యానరు దిద్దాలంటే అది వేయించిన శాఖకు లేఖ రాయాలట. స్వాగతం మాత్రం స్వాగతమే కాబట్టి, అందినట్టు రాసుకున్నాడు.

దోర్నాల దాటి నల్లమల అడవిలోకి వచ్చాక ప్రాణం కుదుటపడింది. అడవిలో ఎలుగుబంట్లున్నాయి గానీ స్వాగత సంఘాలు లేవు. ఒక మలుపు దగ్గర బండ్లాపి, ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర మూట విప్పారు. చిదానందం దూరంగా ఫైలు పట్టుకుని నిలబడ్డాడు. డ్యూటీలో తినకూడదన్నాడు.

"నిన్న మా ఇంటికొచ్చిన కాడ నుంచీ నువ్వు తినంగా నేను చూళ్లేదు," అంది సిప్పోరమ్మ. "ఆ కాయితాలు ఆడ పెట్టి కూర్చో నాయనా."

ఆయన కూర్చున్నాడు. రెండు మోదుగాకుల నిండా తిన్నాడు. ఆ సందట్లో ఒక కోతి బండిలో దూరి, జరీ అంచు శాలువా ఒకటి తీసుకుని చెట్టెక్కి, దాన్ని భుజాల మీద కప్పుకుంది. దానికి చక్కగా నప్పింది.

"సారూ, రెండున్నరైంది," అంది కెజియా. "నాలుగింటికి అందుకుంటామా?"

"ఆ దిగులే వద్దు. తమరు సంతకం చేయనిదే ఆట మొదలుకాదు. తమరెప్పుడు వస్తే అదే నాలుగు గంటలు."

సిప్పోరమ్మ చెయ్యి కడుక్కుంటూ ఆగింది. "మరి పొద్దో? పొద్దు కూడా మాకోసం ఆగుద్దా? పొద్దుగుంకాక మేం బండెక్కం."

చిదానందం ఆకాశం వైపు చూశాడు. "సూర్యుడు మా సంస్థ పరిధిలోకి రాడండి," అన్నాడు.

ఆత్మకూరులో రెండు షామియానాలు ఎదురెదురుగా వేశారు. రెండు శాఖలకు పడలేదు. ఒకరి దగ్గర ముందు కూర్చుంటే రెండోవాళ్లు నొచ్చుకుంటారని, ఓబద్యా, హనన్యా ఒకదాంట్లో, అత్తాకోడళ్లు ఒకదాంట్లో కూర్చుని, సగం అయ్యాక మారారు. అక్కడే నాలుగు దాటింది. నందికొట్కూరు చేరేసరికి ఐదుకు పది నిమిషాలు తక్కువ. అక్కడి పెద్దమనిషి రాసుకొచ్చిన ఉపన్యాసం వైపు కెజియా తొంగి చూసింది. పదిహేను పేజీలు. మూడో పేజీ తిప్పుతుండగా ఆమె లేచి మైకు దగ్గరికి వెళ్లింది. అంతమంది ముందు ఆమె ఎన్నడూ నోరు విప్పలేదు.

"అయ్యా, మా అమ్మాయి ఆడతా ఉందండీ. గోల్‌కీపరు. నేను ఐదేళ్ల నుంచీ ఒక్కసారీ చూడలేదు. మమ్మల్ని పోనివ్వండి."

 షామియానా చప్పట్లతో మారుమోగింది.

"విన్నారా సోదరులారా," అన్నాడు పెద్దమనిషి కళ్లొత్తుకుంటూ. "మైదానంలో ఆడే ప్రతి ఆడబిడ్డనూ ఆ తల్లి మా అమ్మాయి అంటోంది. ఎంత విశాల హృదయం. ఈ సందేశాన్ని వివరించడానికి నాకు మరో పది నిమిషాలు కావాలి."

కర్నూలు ఊరి మొదట్లోకి వచ్చేసరికి పొద్దు ఎర్రబడి, తుమ్మచెట్ల వెనక్కి దిగుతోంది. ఇంకా నాలుగు కిలోమీటర్లుంది.

"ఆపరా హనన్యా," అంది సిప్పోరమ్మ.

హనన్యా ఒక పంక్చర్ల కొట్టు పక్కన బండాపి తాళం తీశాడు. ముందు జీపు ఆగింది, వెనక అంబులెన్సు ఆగింది. కెజియా, పొద్దుగుంకేలోపు సత్రంలో వెలిగిద్దామని తెచ్చిన రెండు కొవ్వొత్తులు సంచిలోంచి తీసింది. గాలి వీస్తోంది. ఏం చేయాలో తోచక అటూ ఇటూ చూస్తుంటే, కొట్టు ముందు కూర్చున్న ముసలాయన లేచి, నాలుగు పాత టైర్లు దొర్లించుకొచ్చి బల్ల చుట్టూ దడిలా నిలబెట్టాడు.

"ఇక్కడ పెట్టు తల్లీ. మా ఇంట్లో కూడా శుక్రవారం పెద్దరోజే," అన్నాడు.

ఆమె కొవ్వొత్తులు వెలిగించి, చేతులతో కళ్లు మూసుకుని దీవెన చదివింది. లారీలు పోతూనే ఉన్నాయి. పొద్దున్నుంచీ మైకుల్లో పడి మోగిన చెవులకు ఆ కాసేపు మాత్రం చల్లగా అనిపించింది. కళ్లు తెరిచేసరికి చిదానందం చెప్పులు విడిచి, ఫైలు చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఇది కార్యక్రమంలో లేదు," అన్నాడు మెల్లగా. "రాసుకోనులెండి."

"ఆరిపోయేదాకా నేను చూసుకుంటా, బండి కూడా చూసుకుంటా. మీరు నడవండి," అన్నాడు ముసలాయన.

నడక మొదలైంది. ముందు సిప్పోరమ్మ, పక్కన కెజియా, వెనక అన్నదమ్ములు. వాళ్ల వెనక నడక వేగంతో జీపు, అంబులెన్సు, వాటి వెనక దారి దొరకని బస్సులు, ఇసుక లారీలు, ఒక పెళ్లి బ్యాండు. చిదానందం జీపెక్కలేదు. వీక్షకులు నడుస్తుంటే సమన్వయాధికారి కూర్చోకూడదట. అర కిలోమీటరులోనే ఆయన చెప్పు తెగింది.

"అమ్మా, పెద్దవారు. ప్రాణం మీదికొస్తే బండెక్కవచ్చని మీ ధర్మంలో ఉందని విన్నాను. అంబులెన్సు సిద్ధంగా ఉంది," అన్నాడు కుంటుతూ.

"నా ప్రాణానికేం ఢోకా లేదు," అంది సిప్పోరమ్మ. "నీకుంటే నువ్వెక్కు."

కెజియా మనసులో వేరే బెంగ తిరుగుతోంది. అడిగేసింది. "అత్తా, పొద్దుగుంకిపోయింది. పిల్ల ఇన్నాళ్లూ శనివారాలు మన కంటపడకుండా ఆడింది. ఇప్పుడు మన కళ్ల ముందు ఆడొచ్చంటావా?"

 ఒక పెట్రోలు బంకు దాటారు, ఒక కల్యాణమండపం దాటారు.

"ఇటుక పట్టుకుంటే పని. బంతి పట్టుకుంటే ఆట," అంది చివరికి. "పైగా ఈ ఆలస్యం పిల్ల పుట్టించింది కాదు. ఆడమను."

స్టేడియంలో రెండువేల మంది నాలుగింటి నుంచీ కూర్చుని ఉన్నారు. పల్లీలు అయిపోయాయి, పాటలు అయిపోయాయి. ఆటగాళ్లు నాలుగుసార్లు ఒళ్లు వేడి చేసుకుని నాలుగుసార్లు చల్లారారు. మైదానం అంచున వెల్వెట్ సోఫాల మీద ఎనిమిది కుటుంబాలు. పార్సీ పెద్దాయన తన హక్కు ప్రకారం నిద్రపోతున్నాడు. తొమ్మిదో సోఫా ఖాళీగా ఉంది.

వీళ్లు లోపలికి రాగానే సంస్థ డైరెక్టరు రెండు చేతులా రిజిస్టరు పట్టుకుని ఎదురొచ్చాడు.

"రండి, రండి. రాష్ట్రం తమకోసం నిరీక్షిస్తున్నది. ఇక్కడ ఒక్క సంతకం."

కెజియా చేతులు వెనక్కి తీసుకుంది. "పొద్దుగుంకింది కదండీ. ఇప్పుడు రాయకూడదు."

"అయితే వేలిముద్ర."

"అది కూడా రాతే," అంది సిప్పోరమ్మ. "వేలితో రాసినా రాతే."

డైరెక్టరు మొహం పాలిపోయింది. "మరి ఎప్పుడు రాయవచ్చును?"

"రేపు చుక్కలు పొడిచాక."

"సరే," అన్నాడు డైరెక్టరు ఊపిరి పీల్చుకుని. "నిబంధన నిబంధనే. ఆట రేపు చుక్కలు పొడిచాక ఆరంభమగును."

ఆ మాట మెట్ల మీదికి పాకింది. రెండువేల మంది మూలిగిన చప్పుడు పెద్ద గోనెసంచి దించినట్టు వినిపించింది. మైదానం అవతలి కొసన, ఫ్లడ్‌లైట్ల వెలుగులో, పసుపు చొక్కా తొడుక్కున్న పొడుగాటి పిల్ల ఒకతి గోలు స్తంభానికి ఆనుకుని చేతి తొడుగులు విప్పుకోబోయింది. అంత దూరంలోనూ కెజియా గుర్తుపట్టింది. నిలబడే తీరు తండ్రిదే.

ఆమెకు ఎక్కడి నుంచి వచ్చిందో గానీ ధైర్యం వచ్చింది.

"సారూ, ఒక మాట. సంతకం లేకపోతే మేం రానట్టేనా?"

"నిస్సందేహంగా. సంతకమే హాజరు."

"అయితే మేం రాలేదనుకోండి."

 చిదానందం మొహంలో నెమ్మదిగా ఒక వెలుగు వచ్చింది. ఒంటికాలి చెప్పుతో కుంటుకుంటూ వచ్చి డైరెక్టరు చెవిలో చెప్పాడు.

"శూన్య నివేదిక, సార్. దరఖాస్తుదారులు రాని పక్షంలో ఆ గడిలో సున్నా చుట్టి ఆరంభించవచ్చును."

"కానీ వీరు ఇక్కడే, నా కళ్లెదుటే ఉన్నారు కదయ్యా."

"కనిపించడం వేరు, హాజరు కావడం వేరు సార్."

డైరెక్టరు కెజియాను పైనుంచి కింది దాకా చూశాడు, లేదని నిర్ధారించుకుంటున్నట్టు. తర్వాత జేబులోంచి కలం తీసి తొమ్మిదో గడిలో గుండ్రంగా సున్నా చుట్టాడు.

"అయితే ఒక చిక్కు," అన్నాడు. "హాజరు కాని వారు సోఫాలో కూర్చుంటే బాగుండదు."

"మాకు సోఫా వద్దండీ. ఆ పసుపు చొక్కా పిల్ల గోలు వెనకున్న మెట్ల మీద కూర్చుంటాం."

"కూర్చోండి. మీరు ఎక్కడ కూర్చున్నదీ మాకు తెలియదు." ఆయన చిదానందం వైపు తిరిగాడు. "గడి శూన్యమైనందున ఆ గడి సమన్వయాధికారికి కూడా ఇక విధులు లేవు. నువ్వు వెళ్లవచ్చు."

చిదానందానికి ఎటు వెళ్లాలో తెలియలేదు. ఫైలు బల్ల మీద పెట్టి, వాళ్ల వెనకే నడిచాడు.

ఆట మొదలయ్యే ముందు తొమ్మిది గడులూ మైకులో చదవాలని నియమం. ఒక్కో మతం పేరు చదువుతుంటే ఒక్కో సోఫా దగ్గర చప్పట్లు పడుతున్నాయి. చివరికి మైకు గొంతు సవరించుకుంది.

"యూదులు, శూన్యం. ఎవరూ రాలేదు."

గోలు ముందు నిలబడ్డ యాయేలు తల దించుకుంది. కడప నుంచి వచ్చేటప్పుడు బస్సులో పక్కనున్న పిల్లలందరికీ మా అమ్మ వస్తోందని చెప్పింది మరి. వల వెనక నుంచి, చెయ్యి చాపితే అందేంత దగ్గర నుంచి ఒక గొంతు వినిపించింది.

"యాయేలూ. ఇదుగో ఇక్కడున్నామే."

పిల్ల గిరుక్కున తిరిగింది. తల్లి, నాన్న, బాబాయి, నాయనమ్మ, నలుగురి భుజాల మీదా తలా అరడజను శాలువాలు. వాళ్ల పక్కన ఒంటి చెప్పుతో ఎవరో పెద్దమనిషి.

"మరి మైకులో లేరన్నారేందమ్మా?"

"లేమంట. నువ్వు అటు చూడు, బంతి వస్తాది," అంది సిప్పోరమ్మ.

ఈల మోగింది. కెజియాకు ఆట నియమాలు తెలియవు. ఆమె బంతిని చూడలేదు, కూతురినే చూసింది. ఇంట్లో అడిగితే తప్ప మాట్లాడని పిల్ల అక్కడ క్షణం నోరు మూయడం లేదు. "ఎడం పక్క, ఎడం పక్క, నిద్రపోతన్నావా మంగతాయీ," అని ఒకతిని, "నువ్వు వెనక్కి రా, నీ గొప్ప మాకు తెలుసులే," అని మరొకతిని అదిలిస్తోంది. పిల్లలందరూ చెప్పినట్టు వింటున్నారు. కెజియా మొదట నివ్వెరపోయింది, తర్వాత అత్త వైపు చూసింది. అచ్చం అదే గొంతు, అదే పెత్తనం. ఆమెకు నవ్వు ఆగలేదు. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"ఏందే నీలో నువ్వే నవ్వుకుంటన్నావ్?" అంది సిప్పోరమ్మ.

"ఏం లేదత్తా. పిల్ల బాగా ఆడతంది."

చిదానందం ఉద్యోగమంతా ప్రేక్షకులను చూస్తూ గడిపాడు గానీ, ఆట చూడటం అదే మొదలు. "ఆ అమ్మాయి ఒక్కతే ఎందుకు చేత్తో పట్టుకుంటోంది? నిబంధన అతిక్రమణ కాదా?" అని అడిగితే ఓబద్యా ఓపిగ్గా చెప్పాడు. పది నిమిషాల్లో ఆయన ఫైలు సంగతి మరిచాడు. గుంటూరు ఒక గోలు వేసినప్పుడు హనన్యా చెయ్యి పట్టుకున్నాడు. అవతలి జట్టు అనంతపురం పిల్లలు యాయేలును దాటించి ఒకటి వేసినప్పుడు, ఆమె స్తంభాన్ని కాలితో తన్నింది, ఆయన మెట్టును చేత్తో కొట్టాడు. సగం ఆట అయ్యాక జట్లు కొసలు మారితే, ఐదుగురూ యాయేలు వెంటే అటు గోలు వెనక మెట్ల మీదికి మారారు. ఇంకో మూడు నిమిషాల్లో అయిపోతుందనగా గుంటూరు రెండో గోలు వేసింది. ఆ వెంటనే అనంతపురం పిల్ల ఒకతి అందరినీ తప్పించుకుని దూసుకొచ్చింది. యాయేలు ఆగలేదు, ఎదురు పరుగెత్తి, ఆ పిల్ల కాళ్ల మీద పడి బంతిని పొట్టకు కరుచుకుంది. మైదానంలో ఈల మోగేలోపే గోలు వెనక నుంచి చెవులు చిల్లులు పడేలా ఒక ఈల మోగింది. నాలుక మడిచి, రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని వేసిన ఈల. కెజియా తిరిగి చూస్తే చిదానందం మెట్టెక్కి నిలబడి ఉన్నాడు.

ఆట అయ్యాక యాయేలు మట్టి మొహంతో కంచె దగ్గరికి వచ్చింది. గెలిచిన సంగతి ముందు చెప్పలేదు.

"నాలుగింటికి రమ్మంటే ఇంతసేపేందమ్మా?"

"ఏం చెయ్యమంటావే," అంది కెజియా. "దారి పొడుగూతా గౌరవించారు." అని ఒక శాలువా తీసి, పిల్ల మెడ మీది చెమట తుడిచింది.

శనివారం సాయంత్రం సత్రం డాబా మీద మూడు చుక్కలు లెక్కపెట్టి కిందికి దిగేసరికి, కొత్త చెప్పులు తొడుక్కుని చిదానందం వరండాలో కూర్చుని ఉన్నాడు. పంక్చరు కొట్టు ముసలాయన బండి భద్రంగా ఉందని కబురు పంపాడట. ఆ మాట చెప్పి, ఒక కాగితం మడత విప్పాడు. పైకి పంపిన నివేదిక నకలు.

"ఒక్కసారి వింటారా?" అని చదివాడు. "'క్రీడ ఎనిమిది మతముల సమక్షమున ప్రశాంతముగా ముగిసినది. తొమ్మిదవ మతమునకు చెందినవారెవరును పరిసరములలో కానరాలేదు. అయితే మొదట ఉత్తరపు గోలు వెనుక, పిమ్మట దక్షిణపు గోలు వెనుక గుర్తు తెలియని ఐదుగురు వ్యక్తులు క్రీడ ఆసాంతము కేకలు వేసినట్లును, అందొకరు ఈల వేసినట్లును ఫిర్యాదు అందినది. దీనిపై విచారణకు ఆదేశించడమైనది.'"

కెజియా ఆలోచించింది. "ఐదుగురా? మేం నలుగురమే గదండీ."

"ఐదో వ్యక్తి ఎవరన్నది విచారణలో తేలవలసి ఉన్నది."

"విచారణ చేసే ఆఫీసరు ఎవరంట?" అన్నాడు ఓబద్యా.

చిదానందం కాగితం జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నేనే," అన్నాడు.